నాలుగో షట్టరు దగ్గర పదకొండు నిమిషాలు

హస్త కార్తె, రెండో రోజు

పొద్దున తొమ్మిదింటికి నాలుగో షట్టరు గొలుసుకి గ్రీజు పూస్తున్నాను. ఆ తర్వాత చూసుకుంటే బజారు వీధిలో నిలబడి ఉన్నాను. చేతులకి గ్రీజు లేదు. సబ్బు వాసన వస్తోంది. చేతులు ఎప్పుడు కడుక్కున్నానో, గోడ మెట్లు ఎప్పుడు దిగానో తెలియదు. మణికట్టు మీది కడియం చూస్తే పది గంటల ఇరవై నిమిషాలు.

కడియం అడుగులు లెక్కపెడుతుంది. ఆ మధ్యలో వెయ్యిన్నూట పన్నెండు అడుగులు నడిచానని చూపించింది. కాళ్లు నడిచాయి. నేను మాత్రం వాటితో లేను.

ఇలా కావడం ఇది ఆరోసారి. అందుకే ఆరోగ్య కేంద్రానికి వెళ్లాను. అక్కడి జహీదా మేడం కళ్లల్లో దీపం వేసి చూశారు, తల పరీక్ష చేయించారు, మూర్ఛ కాదని తేల్చారు. తర్వాత ఈ కాగితాల పుస్తకం నా చేతికిచ్చారు.

"మీ ఒళ్లు ఎక్కడుందో కడియం రాస్తుంది. మీరు ఎక్కడున్నారో మీరు రాయండి" అన్నారు.

రాస్తున్నాను. నా పేరు ఓలేటి ధనకుమారి. వయసు ముప్ఫై తొమ్మిది. కొత్తపాయ సముద్రపు గోడ మీద లస్కరుని. నీళ్లు లేచినప్పుడు షట్టరు దించడం, తగ్గాక ఎత్తడం నా పని. ఎప్పుడు దించాలో యంత్రమే చెబుతుంది గానీ, దించేది మనిషి చెయ్యే. పలక మీద అరచెయ్యి ఆనించి, మూడు శ్వాసలసేపు వదలకుండా నొక్కితే షట్టరు కదులుతుంది. ప్రాణాల మీదికి వచ్చే పనిని యంత్రానికి వదలకూడదని మా అమ్మమ్మల కాలంలో చట్టం చేశారు. చేతి చట్టం అంటారు దాన్ని.

హస్త కార్తె, ఐదో రోజు

నూకాలత్త తరవాణీ అన్నం, వేయించిన మెత్తళ్ల చేపలు తెచ్చింది. వారానికి మూడు రోజులైనా తెస్తుంది. చుట్టరికం ఏమీ లేదు. ఆవిడ కొడుకు బాబ్జీ నా దగ్గర రెండేళ్లు పని నేర్చుకున్నాడు. నన్ను అక్కా అనేవాడు, నేను ఆవిడని అత్తా అంటాను.

"తినవే. గోడ మీద గాలికి మనిషివి ఈనెపుల్లలా అయిపోయావ్" అంది.

తిన్నాను. రుచి తెలియలేదు. నమలడం మాత్రం వినిపించింది, పక్కింట్లో ఎవరో నములుతున్నట్టు.

పోయిన ఏడాది స్వాతి కార్తెలో ఉప్పెన వచ్చినప్పుడు నాచు పెంచే తెప్పల మీద నలుగురు చిక్కుకుపోయారు. వాళ్లని తేవడానికి బాబ్జీ పడవ తీసుకుని వెళ్లాడు. పడవ తిరిగి రాకముందే నేను షట్టరు దించాను. అయిదుగురూ పోయారు. ఇవేవీ నాకు గుర్తున్నవి కావు, నాకు చెప్పినవి. నాకు గుర్తున్నది పొద్దున కురిసిన జల్లు. ఆ తర్వాత గుర్తున్నది ఆరోగ్య కేంద్రంలో దుప్పటి.

గుర్తులేకపోవడం నాకు వింతగా అనిపించలేదు. మనుషులు బయట ఉండగా షట్టరు దించాల్సివచ్చిన లస్కరుకి గోడ బోర్డు వాళ్లు మరపు సూది వేయిస్తారు. ఆ పూట మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. మళ్లీ పనిలోకి రావచ్చు. నాకూ వేసే ఉంటారు, అందుకే ఖాళీ అనుకున్నాను.

రిపోర్టులో, పడవ గోడకి రెండు కిలోమీటర్ల అవతల ఉందనీ, వానకి కెమెరా మసకబారి ఏమీ కనిపించలేదనీ రాసి ఉంది. కింద నా సంతకం ఉంది, పెట్టినట్టు గుర్తు లేదు. నూకాలత్త ప్రతి అమావాస్యకీ పడవ మాట్లాడుకుని, రెండు కిలోమీటర్ల గుర్తు స్తంభం దాకా వెళ్లి పసుపు నీళ్లు వదిలి వస్తుంది.

"అంత దూరాన పోవడమే మంచిదయ్యిందే. గోడ కనిపించుంటే ఆశ పడేవోడు" అంది ఇవాళ కూడా, గిన్నె కడుగుతూ.

హస్త కార్తె, తొమ్మిదో రోజు

నలభై నిమిషాలు పోయాయి. సైరన్ పరీక్షకి ముందు మొదలై, తర్వాత తేలాను.

జహీదా మేడం పోయిన సమయాలన్నిటినీ కడియంలోంచి తీసి గోడపటం మీద చుక్కలుగా పెట్టారు. నేను ఊరంతా తిరుగుతున్నాననుకున్నాను. చుక్కలన్నీ ఒకే దారిలో ఉన్నాయి. ప్రతిసారీ నాలుగో షట్టరు బయటి వసారాకి వెళ్లి, సముద్రం వైపు తిరిగి నిలబడి, మళ్లీ వస్తున్నానట. బజారు, ఇల్లు, కుళాయి అన్నీ తిరుగుదారిలో తగిలినవే.

"అక్కడ ఏం చేస్తున్నాను మేడం?"

"అది ఈ చుక్కలకి తెలియదు. అది మీ దగ్గరే ఉంది."

"మరి నా దగ్గర లేదు కదా?"

ఆవిడ లేచి బీరువా తెరిచారు. సీసాలోంచి రాళ్లుప్పు తీసి పొట్లం కట్టి ఇచ్చారు. మనుషులు గాజు పలక అవతల ఉన్నట్టు కనిపించడం మొదలవగానే ఒక పలుకు నాలుక కింద పెట్టుకోవాలి. రెండు పాదాలూ నేలకి నొక్కి, కళ్లకి కనిపించేవాటి పేర్లు పైకి చెప్పాలి.

ఇంటికొచ్చాక పలకరించడానికి నూకాలత్త వచ్చింది. నేను పొయ్యి, చాట, తాడు అని చెప్పుకుంటుంటే గుమ్మంలోనే ఆగిపోయింది. వీధిలో వాళ్లు ఇప్పటికే అంటున్నారు, ధనకుమారిని ఉప్పెనలో పోయినవాళ్లు పట్టుకున్నారని. ఆవిడ దగ్గరగా కూర్చుని, చాలాసేపు నా మొహంలోకి చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"ధనా, వాడే గానీ వత్తన్నాడా నీ మీదికి? వత్తే దాచుకోకే. నాకు సెప్పు. ఒక్కసారి మాట్లాడతాను."

లేదత్తా అన్నాను. ఆవిడ మొహం చూసి, అవును అంటే బాగుండేదేమో అనిపించింది.

చిత్త కార్తె, ఒకటో రోజు

ఇవాళ ఈ పుస్తకం తెరిస్తే ఖాళీ పేజీ మధ్యలో ఒక ముక్క రాసి ఉంది.

"ఇంకా నలభై బారలు."

దస్తూరీ నాదే. 'భ' వత్తు నేను అలాగే కింద కొక్కెంలా లాగుతాను. పెన్ను గట్టిగా నొక్కడంవల్ల కాగితం వెనకకి చిరిగింది. ఎప్పుడు రాశానో తెలియదు. బార అంటే చేతులు రెండూ చాపినంత పొడుగు. నీళ్ల మీద దూరాన్ని మేం అలాగే కొలుస్తాం. దేనికి నలభై?

పుస్తకం పీట కింద పెట్టి, పైన బియ్యం డబ్బా పెట్టాను. మళ్లీ నాకే నవ్వొచ్చింది. దాచింది ఎవరి నుంచి? దాచిన చోటు ఆ రాసినామెకీ తెలుసు.

చిత్త కార్తె, నాలుగో రోజు

రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా జరిగింది జరిగినట్టు రాస్తాను.

పదకొండింటికి షట్టర్ల కసరత్తు. సగం దించి, లెక్కపెట్టి, ఎత్తాలి. కిందినుంచి నాచు పడవలు పోతూనే ఉంటాయి, సగానికి దిగినా వాటికి అడ్డం కాదు. పలక మీద చెయ్యి పెట్టాను. గొలుసు కదిలిన చప్పుడు వినబడింది.

తర్వాత ఎవరో నన్ను వెనక నుంచి నడుం పట్టుకుని లాగుతున్నారు. సూపర్‌వైజర్ అబ్బులు గారు. అరవై దాటిన మనిషి, ఆయాసపడుతున్నారు. షట్టరు అడుగంటా దిగి ఉంది. దాని కింద ఒక పడవ ముక్కు చితికి, చెక్కలు నీళ్ల మీద తేలుతున్నాయి. పడవతను దూకేశాడు. గోడకి కొట్టుకుని మోచెయ్యి విరిగింది. బతికాడు.

నాలుగు నిమిషాలు నొక్కి పట్టానట. అబ్బులు గారు పేరు పెట్టి పిలిచినా, చెంప మీద కొట్టినా వదల్లేదట. చెంప ఇప్పుడు మండుతోంది. అప్పుడు తెలియలేదు.

"అమ్మాయ్, నీకు చీవాట్లు పెట్టడానికి నోరు రావట్లేదు" అన్నారాయన. "కానీ స్వాతి కార్తె ముందుంది. లోపల ఆరువేల మంది. ఇలాగైతే నిన్ను పలక దగ్గరికి రానియ్యను. వారం టైమిత్తన్నాను. ఇంకోసారి సూదేయించుకో. మొదటిది సరిగ్గా పట్టలేదేమో."

విరిగిన మోచేతి మనిషిని స్ట్రెచరు మీద దించుతుంటే, అతను నన్ను చూసి కళ్లు తిప్పుకున్నాడు. నాకు అతని మీద జాలి కలగాలి. భయం కలగాలి. ఏమీ కలగలేదు. బొమ్మలో వాన చూసినట్టుంది.

చిత్త కార్తె, ఆరో రోజు

సూది కోసమే వెళ్లాను. జహీదా మేడం పాత కాగితాలు తీశారు. ఒకసారి చదివి, మళ్లీ మొదటి నుంచి చదివారు. లేచి తలుపు వేసి వచ్చి కూర్చున్నారు.

"ధనకుమారి గారూ, మీకు సూది వెయ్యలేదు."

నాకు అర్థం కాలేదు. ఆవిడ కాగితం నా వైపు తిప్పారు. ఆ ఉప్పెనలో మందుల గది మునిగిపోయింది. మళ్లీ సరుకు వచ్చేసరికి నలభై రోజులు పట్టింది. అప్పటికి నేను ఏమీ అడగడం లేదు, ఏడవడం లేదు, పనిలోకి పోతున్నాను. అవసరం లేదని రాసి వదిలేశారు.

"మరి నేనెలా మరిచిపోయాను?"

"మరిచిపోలేదు. పక్కకి జరిగారు." మాటలు వెతుక్కుంటూ చెప్పారు. "ఇల్లు అంటుకుంటే మనిషి బయటికి పరిగెడుతుంది. మీకు పరిగెత్తే వీలు లేదు. ఒళ్లు ఆ పలక దగ్గరే నిలబడాలి, చెయ్యి అక్కడే ఉండాలి. ఒళ్లు కదలలేకపోతే మనసు తానొక్కటే బయటపడుతుంది. అది పిచ్చి కాదు, దయ్యం కాదు. ఆ పూట మిమ్మల్ని నిలబెట్టింది అదే. ఇబ్బంది ఏమిటంటే, మంట ఆరిపోయిన కబురు దానికి ఇంకా అందలేదు. గొలుసు చప్పుడు వింటే చాలు, మళ్లీ బయటికి పోతోంది."

పలక తనని తాకిన చేతి నాడిని కూడా రాసుకుంటుంది. ఆ రోజు రాసుకున్నది బోర్డు దగ్గర నుంచి తెప్పించారు. నేను చూడనంటే చూపించనని ముందే చెప్పారు. చూస్తానన్నాను.

మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకి యంత్రం మూయమంది. అదే నిమిషంలో చెయ్యి పలక మీదికి వచ్చింది. నొక్కడం మాత్రం మూడు గంటల ఇరవై ఒకటికి. మధ్యలో పదకొండు నిమిషాలు చెయ్యి పలక మీద ఉంది, నొక్కలేదు. రిపోర్టులో దాన్ని యంత్రం ఆలస్యం అని రాశారు. నాడి గీత నూట ముప్ఫై, నూట యాభై, నూట అరవై నాలుగు దాకా ఎక్కింది. పదకొండో నిమిషంలో ఒక్కసారిగా కిందికి పడిపోయింది. యాభై ఎనిమిది. అక్కణ్నుంచి చివరిదాకా నిద్రపోతున్న మనిషి నాడిలా చదునుగా ఉంది.

జహీదా మేడం గీత పడిపోయిన చోట వేలు పెట్టారు.

"మీరు ఇక్కడ వెళ్లారు."

ఆ గీత అడుగుభాగం వైపు చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. అరచేతుల్లో చెమట పట్టింది. చెమట నాదేనని తెలిసింది. ఏడాదిలో ఇదే మొదలు.

చిత్త కార్తె, పదో రోజు

అబ్బులు గారు ఇంటికి వచ్చారు. కొత్త సరుకు వచ్చిందట, సూది రేపే వేయించుకోవచ్చట.

"వేయించుకుంటే ఆ పదకొండు నిమిషాలు ఇక ఎప్పటికీ రావు కదండీ?"

"రావు. అందుకే గదా ఏసేది."

"అప్పుడు ఆ పడవ ఎక్కడుందో చెప్పగలిగేవాళ్లు ఎవరూ ఉండరు. కెమెరా చూడలేదు. చూసి ఉంటే నేనొక్కదాన్నే చూసి ఉండాలి."

ఆయన కండువా విప్పి మళ్లీ వేసుకున్నారు. "చూసి ఏం చేత్తావ్? పోయినోళ్లు తిరిగొత్తారా?"

ఆయన గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చారు. పీట మీద కూర్చోమన్నా కూర్చోలేదు, నిలబడే చెప్పారు.

"నేనూ ఏయించుకున్నాను. పంతొమ్మిదేళ్లయ్యింది. రెండో షట్టరు దించానంట. బయట ఎవరున్నారో నాకు తెలీదు. అడిగితే సెప్తారు, అడగలేదు. అంతా బానే ఉంది. కానీ ఏడాదికోసారి, ఉత్తర కార్తె వచ్చిందంటే పదిరోజులు అన్నం సయించదు. మా ఆవిడ మంచినీళ్ల చెంబిత్తే ఆ నీళ్లు చూసి వణుకుతాను. ఎందుకో తెలీదు. తెలుసుకోడానికి లోపలేం లేదు మరి. నీకుంది. ఏం చేసుకుంటావో నీ ఇట్టం."

సూది వద్దని కాగితం మీద రాసిచ్చాను. ఆయన దాన్ని జేబులో పెట్టుకుని, పలక పని కుర్రలస్కర్లకి అప్పజెబుతాననీ, నన్ను కాలవ నాచు తీసే పనిలో వేస్తాననీ చెప్పి వెళ్లారు.

స్వాతి కార్తె, రెండో రోజు

పదిరోజులుగా జహీదా మేడంతో గోడ దాకా నడుస్తున్నాను. మొదటి రోజు మెట్ల దగ్గరే వెనక్కి తిరిగాం. నాలుగో రోజు వసారా గుమ్మం. ఏం జరిగి ఉంటుందో ఆవిడ ఒక్కసారి కూడా ఊహించి చెప్పలేదు. "నేను చెబితే అది నాది అవుతుంది" అన్నారు. ఇవాళ మధ్యాహ్నం మూడు గంటలకి వసారాలో నిలబడ్డాను. ఎండగా ఉంది. కింద కుర్రలస్కరు గొలుసు తిప్పాడు. ఉప్పు పలుకు నాలుక కింద ఉంది.

"ఏం కనిపిస్తోంది?"

"ఒక ఆడమనిషి" అన్నాను. "పసుపు కోటు. పై నుంచి కనిపిస్తోంది. నేను గొలుసు పెట్టె మీద ఉన్నాను. ఆమె కింద పలక దగ్గర ఉంది."

"సరే. తొందరలేదు. ఆమె పాదాలు ఎలా ఉన్నాయి?"

చూశాను. "ఎడమ కాలికి చెప్పు లేదు. నీళ్లలో ఉంది." ఆ మాట అంటుండగానే పాదం జిల్లుమంది. "చల్లగా ఉంది మేడం. నా కాలు చల్లగా ఉంది."

ఆ తర్వాత వచ్చింది. ఇక్కడ వరసగా రాస్తున్నాను.

యంత్రం మూయమంది. పలక మీద చెయ్యి పెట్టాను. వానలో నల్లటి చుక్కలా పడవ కనిపించింది. నొక్కలేదు. వస్తాడు అనుకున్నాను. నీళ్లు షట్టరు కిందినుంచి లోపలికి తోసుకొస్తున్నాయి. వెనక పల్లపు వరసలో బడి ఉంది. పిల్లల్ని మేడ మీదికి ఎక్కిస్తున్నారు, మెట్లు ఇరుకు. పడవ రెండు వందల బారలు. నూటయాభై. బాబ్జీ లేచి నిలబడి తుండుగుడ్డ ఊపుతున్నాడు. గాలి నా వైపే ఉంది. మాట వినబడింది.

"ధనక్కా! ఉండు! వచ్చేత్తన్నాం!"

ఉన్నాను. వంద. ఎనభై. యంత్రం అదే గొంతుతో మూయండి, మూయండి అంటోంది. వెనక్కి తిరిగితే నీళ్లు బడి కిటికీ దాకా వచ్చాయి. మెట్ల మీద ఒక పంతులమ్మ ఇద్దరు పిల్లల్ని చంకల్లో ఎత్తుకుని ఉంది. కింద ఇంకా పిల్లలున్నారు. ముందుకి తిరిగాను. అరవై. నలభై.

నలభై బారల దగ్గర ఇంజను ఆగిపోయింది. నాచు చుట్టుకుంది. వాడు వంగి చూసి, తెడ్డు అందుకున్నాడు. ఎదురు సుడిలో తెడ్డుతో ఆ దూరం అయిదు నిమిషాలు. లస్కరుని, ఆ లెక్క నాకు తెలుసు. వాడికీ తెలుసు, నేర్పింది నేనే. పిల్లలు అయిదు నిమిషాలు ఆగలేరు.

అక్కడే నేను పైకి వెళ్లిపోయాను. కింద పసుపు కోటు మనిషి చెయ్యి నొక్కింది. మూడు శ్వాసలు.

ఇవాళ ఆ మూడు శ్వాసలూ నేనే పీల్చాను. మొదటిది, రెండోది, మూడోది. అరచేతి కింద ఇనుము అదిరింది. షట్టరు దిగడం వాడు చూశాడు. ఉండమనడం మానేశాడు. తెడ్డు వదిలేశాడు. పిలిచాడు, నన్ను కాదు. తర్వాత మా మధ్యకి ఇనుము వచ్చింది.

వసారాలో కూలబడి అరిచానట. కింద కుర్రలస్కరు భయపడి పారిపోయాడట. జహీదా మేడం నా రెండు చెప్పులూ తీసి, నా పాదాలు తన చేతులతో నేలకి నొక్కి పట్టుకుని కూర్చున్నారు. ఆవిడా ఏడుస్తున్నారు. అయిదుగురు. బడిలో తొంభైరెండు మంది పిల్లలు. రెండు లెక్కలూ తెలుసు. ఒకటి ఇంకోదాన్ని తుడవదు.

స్వాతి కార్తె, ఐదో రోజు

నిన్న పన్నెండు నిమిషాలు పోయాయి, కాలవ గట్టు మీద. జహీదా మేడం ముందే చెప్పారు, ఒక్కసారిగా ఆగవని. ఈసారి నాచు తీసే చిక్కం నా చేతిలోనే ఉండగా తేలాను.

ఇవాళ పొద్దున నూకాలత్త ఇంటికి వెళ్లాను. అమావాస్య ఎల్లుండి. స్తంభం దాకా పడవ మాట్లాడానని చెప్పింది. అరుగు మీద పీతలు శుభ్రం చేస్తోంది. నేను ఎదురుగా నేల మీద కూర్చున్నాను. చెప్పులు బయటే విడిచాను. ఉప్పు పలుకు పెట్టుకోలేదు. ఏది వస్తే అది రానిమ్మనుకున్నాను.

"అత్తా, బాబ్జీ అంత దూరాన పోలేదు. నేను చూశాను. నాకు గుర్తొచ్చింది."

పీత డెక్క విరుస్తున్న చెయ్యి ఆగింది. తల ఎత్తలేదు.

"సెప్పు."

చెప్పాను. వరసగా, ఇందులో రాసినట్టే. ఇంజను దగ్గర నా గొంతు దూరంగా వెళ్లిపోతుంటే, అరుగు, బొక్కెన, పీతలు, అత్త చేతులు అని మనసులో చెప్పుకుని మళ్లీ దగ్గరికి వచ్చాను. చెయ్యి నొక్కింది అనలేదు. నొక్కాను అన్నాను.

పీతలు బొక్కెనలో గోకుతున్నాయి.

"నలభై బారలంటే?"

"ఇక్కణ్నుంచి వీధి కుళాయి దాకా అత్తా."

ఆవిడ కుళాయి వైపు చూసింది. అక్కడ ఎవరో బిందె పట్టుకుని నిలబడ్డారు. వాళ్ల చీర అంచు కూడా తెలుస్తోంది.

"అంతేనా" అంది. "అంతేనా దూరం."

"అంతే."

"నువ్వు ఏడాదంతా నా సేతి అన్నం తిన్నావే."

"తిన్నాను."

"నేను అక్కడెక్కడో నీళ్లు వదులుతుంటే సూశావు."

"చూశాను. నాకు తెలియదత్తా అప్పుడు." ఆ మాట నిజమే, అయినా అన్నాక సిగ్గేసింది.

ఆవిడ చేతిలో డెక్క బొక్కెనలో పడేసింది. చేతులు కొంగుకి తుడుచుకుంది, తుడుచుకుంటూనే ఉంది. పేరు పెట్టి తిడుతుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను. కొడితే తెలిసేలా ఉన్నాను ఇవాళ.

"సివరికి ఎవర్ని పిలిచాడు?"

ఇది చెప్పకుండా ఆగిపోవచ్చని దారంతా అనుకుంటూ వచ్చాను.

"నిన్నే. అమ్మా అన్నాడు. రెండుసార్లు."

ఆవిడ నోటి వెంట చిన్న శబ్దం వచ్చింది, దెబ్బ తగిలిన చోట వేలు పెట్టినప్పుడు వస్తుందే, అలాంటిది. గోడకి ఆనుకుని కళ్లు మూసుకుంది. నేను కదల్లేదు. లేచి వెళ్లిపోవాలనిపించింది, ఒళ్లు విడిచి పైకి వెళ్లిపోవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు. ఆవిడ మెడ మీద నరం కొట్టుకోవడం చూస్తూ కూర్చున్నాను.

చివరికి కళ్లు తెరవకుండానే అంది, "లే. లేచి ఎల్లు."

లేచాను. చెప్పులు వేసుకున్నాను. వీధిలోకి నాలుగడుగులు వేశాక వెనక నుంచి పిలిచింది.

"ధనా."

తిరిగాను. అరుగు మీద అలాగే కూర్చుని ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ నన్ను చూడటం లేదు.

"రేపు రాకు. నీ మొకం సూడలేను. ఎల్లుండి రా. అమ్మా అని ఎలా పిలిచాడో, మళ్లీ సెబుదువుగాని."